పాత సాక్సోఫోన్లు బాగుచేసే పని కెరీర్ అవుతుందా?

ప్రశ్న: అన్నా, మెకానికల్ డిప్లొమా ఫైనల్ ఇయర్ చదువుతున్నా, సాక్సోఫోన్ కొంచెం వాయిస్తా. పాత సాక్సోఫోన్లు రీస్టోర్ చేసే వీడియోలు చూసి చూసి ఇదే నా పని అని ఫిక్సయ్యా. ఇంట్లో మాత్రం అదీ ఒక ఉద్యోగమేనా అంటున్నారు. ముందు ఒక పాతది కొని విప్పేద్దామా?

జవాబు: తమ్ముడూ, ఉద్యోగమే, అందులో డౌటేం లేదు, కానీ నువ్వు మొదలుపెట్టే చోటే తేడాగా ఉంది.

ఆ వీడియోల్లో నల్లబడ్డ ఇత్తడి చివరికి తళతళలాడుతుంది చూడు, నిన్ను పట్టేసింది అదే అనుకుంటా. ఈ ఫీల్డులో ఎక్కువ సాక్సోఫోన్లు పాడయ్యేది ఆ మెరుపు దగ్గరే. బఫింగ్ చక్రం, అంటే గిర్రున తిరుగుతూ మెరుగుపెట్టే చక్రం మీద పెడితే మురికితో పాటు లోహం కూడా పోతుంది, చెక్కిన డిజైన్ అరిగిపోతుంది. 1954లో వచ్చిన సెల్మర్ కంపెనీ మార్క్ సిక్స్ మోడల్ లాంటివాటిని కొనేవాళ్లు లక్కర్ (ఇత్తడి మీద వేసే మెరుపు పూత) సగం ఊడినా పర్లేదు ఒరిజినలే కావాలంటారు, కొత్తగా లక్కర్ వేయించినదానికి రేటు తగ్గిస్తారు. అంటే ముట్టుకోకుండా వదిలేయడం కూడా ఇక్కడ ఒక స్కిల్లే.

నేను రిపేరు చేసేవాణ్ని కాదు, కానీ నా దగ్గరికి సలహాకొచ్చి ఈ పనిలో స్థిరపడ్డ ఒక కుర్రాడి బెంచ్ పక్కన ఓ పూట కూర్చున్నా. గదిలో లైట్లార్పేసి, సాక్సోఫోన్ గొట్టంలోకి సన్నటి బల్బు దింపి ఒక కీ మెల్లగా మూశాడు, కీ కింద రంధ్రాన్ని మూసే మెత్తటి ప్యాడ్ అంచున గోరంత వెలుగు కనబడింది, అంటే అక్కడ గాలి లీకవుతోందన్నమాట. గట్టిగా నొక్కితే పోయింది కదా అన్నా, "వాయించేవాడు అంత గట్టిగా నొక్కడు సార్" అన్నాడు. ప్యాడ్‌ని కీకున్న గిన్నెలాంటి కప్పుకి పట్టి ఉంచేది షెల్లాక్, అంటే శుద్ధి చేసిన లక్కే, కప్పుని కాస్త వేడి చేస్తే అది మెత్తబడుతుంది, అప్పుడు ప్యాడ్‌ని పిసరంత వంచి మళ్లీ మూసి మళ్లీ వెలుగు చూసి, ఇలా ఒక్క ప్యాడ్‌కి ముప్పావుగంట. ఆల్టో రకం సాక్సోఫోన్‌కి అలాంటివి పాతిక దాకా ఉంటాయి, పైగా ఒక కీ నొక్కితే ఇంకో రెండు కలిసి మూసుకునేవి ఉంటాయి, వాటిలో ఒకటి వెంట్రుకవాసి లేటైనా కింది స్వరాలు పలకవు.

ఇంకో సంగతి, ప్యాడ్లు మార్చడం చివరి పని. కొత్తవాళ్లు దాన్నే మొదట చేస్తారు. ఇరుసులాంటి రాడ్డు మీద కీ లూజుగా ఉంటే ఎంత మంచి ప్యాడ్ వేసినా ఒక్కోసారి ఒక్కోచోట కూర్చుంటుంది, అందుకే ముందు కీ గొట్టాన్ని చుట్టూ నొక్కుతూ సాగదీసి లూజు తీయాలి, తర్వాత బాడీ వంపు, సొట్టలు, టోన్ హోల్స్ (ప్యాడ్లు మూసే రంధ్రాలు) లెవెల్. ఆ లెవెల్ కూడా ఆకురాయి పట్టుకుని రుద్దేయడం కాదు. 1920లు, 30ల నాటి కాన్ కంపెనీ సాక్సోఫోన్లకి టోన్ హోల్ అంచు బయటికి చుట్టి ఉంటుంది, దాన్ని అరగదీస్తే ఆ చుట్ట పోయినట్టే, తిరిగి తేలేం. పల్లంగా ఉన్న చోటుని లోపల్నుంచి పైకి లేపాలి. నీ మెకానికల్ బుర్ర పనికొచ్చేది ఇక్కడే, లేతు, టంకం, ఫిట్టింగ్ ముందే తెలిసినవాడు సంగీతం మాత్రమే తెలిసినవాడికంటే తొందరగా ఎదుగుతాడు.

డబ్బు సంగతి. వింటేజ్ పని ఒక్కటే పెట్టుకుని మొదట్లో బతకడం కష్టం, ఒక్కో ఓవర్‌హాల్, అంటే మొత్తం విప్పి బాగుచేయడం, రోజుల తరబడి సాగుతుంది, పైగా పేరు లేనివాడికి ఎవరూ ఖరీదైన వాయిద్యం ఇవ్వరు. రోజూ కూడు పెట్టేది స్టూడెంట్లు వాయించే మామూలు సాక్సోఫోన్లు, క్లారినెట్లు, ఫ్లూట్ల రిపేర్లే. కొన్నేళ్లు ఎవరి షాపులోనైనా ఆ పని చెయ్, వింటేజ్ దానంతటదే వస్తుంది. కోర్సు చెయ్యాలనుంటే అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం రెడ్ వింగ్‌లో బ్యాండ్ వాయిద్యాల రిపేరు నేర్పే కాలేజీ ఉంది, రిపేరు టెక్నీషియన్లకి 1976లో మొదలైన న్యాప్‌బర్ట్ అనే సంఘం కూడా ఉంది. ఖర్చు లెక్క చూసుకున్నాకే అటు ఆలోచించు, షాపులో నేర్చుకుని పైకొచ్చినవాళ్లూ బోలెడుమంది.

కొనడం గురించి అడిగావు కాబట్టి, పాత పేరున్నది వద్దు. చెడిపోయినా బాధలేని మామూలు స్టూడెంట్ మోడల్ కొను. ఒకవేళ ఎవరైనా వందేళ్లనాటి అమెరికన్ పీస్ చవగ్గా ఇస్తానంటే సీరియల్ నంబర్ దగ్గర హెచ్ అని గానీ హెచ్‌పీ అని గానీ ముద్ర ఉందేమో చూడు, ఉంటే అది హై పిచ్‌ది, 'ఎ' స్వరం ఇప్పటి 440 హెర్ట్జ్‌కి కాకుండా 457 దగ్గర పలికేలా ట్యూన్ చేసింది, గొట్టమే ఆ కొలతకి చేశారు గనక ఎంత రిపేరు చేసినా మిగతా వాయిద్యాలతో కలవదు.

ఇంట్లోవాళ్లతో ఇప్పుడే వాదన పెట్టుకోకు, డిప్లొమా పూర్తిచెయ్, సెలవుల్లో రిపేరు షాపులో ఊడ్చే పనైనా సరే అడిగి చేరు. అక్కడ బఫింగ్ మెషీన్ దగ్గరికి మాత్రం ఎవరైనా పక్కనుండి నేర్పేదాకా వెళ్లకు, చేతిలో ఉన్నదాన్ని లాక్కుని విసిరేస్తుంది. ఇక నీది విప్పేటప్పుడు ప్రతి రాడ్డు ఏ కీదో రాసి పెట్టుకో, అన్నీ ఒకే డబ్బాలో పోశావంటే వారం రోజులు వాటితోనే కూర్చుంటావ్.