మైక్రోసాఫ్ట్ ఎక్కడ దెబ్బతిన్నది? నల్లగొండ నుంచి ఒక విండోస్ అభిమాని మాట

“అంత డబ్బు, అంతమంది ఇంజనీర్లు ఉండి కూడా మైక్రోసాఫ్ట్ ఫోన్ల దగ్గర ఎందుకు చేతులెత్తేసింది? విండోస్‌లో కూడా పదేపదే తప్పటడుగులు ఎందుకు? ఇప్పుడు విండోస్ ల్యాప్‌టాప్ కొనొచ్చా?” అని ఒకరు అడిగారు. కొనే సంగతి చివర్లో చెప్తాను, ముందు మొదటి రెండూ చూద్దాం.

నాది నల్లగొండ. కంప్యూటర్ కోర్సులు చెప్పడం, సిస్టమ్‌లు రిపేర్ చేయడం నా పని. విండోస్ 98 రోజుల నుంచి ఈ కంపెనీ ఏం చేసినా శ్రద్ధగా చూస్తూ వస్తున్నాను. ఇష్టం ఉంది కాబట్టే కోపం కూడా ఉంది.

ఫోన్ల గురించి అందరూ చెప్పే కారణం, లేటుగా వచ్చింది అని. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు అప్పటి సీఈఓ స్టీవ్ బాల్మర్ ఇంటర్వ్యూలో నవ్వేశాడు. అంత ధరా, పైగా కీబోర్డు కూడా లేదు, ఆఫీసు పనులు చేసుకునేవాళ్లకు నచ్చదు అన్నాడు. విండోస్ ఫోన్ 7 బజారులోకి వచ్చేసరికి 2010 చివరికొచ్చింది. ఇదంతా నిజమే. కానీ ఆ లెక్క అమెరికాకు సరిపోతుందేమో, మనకు సరిపోదు. 2010లో నల్లగొండ ప్రకాశం బజార్‌లో నిలబడి చూస్తే కనబడేవి బటన్ల ఫోన్లే, అందులోనూ ఎక్కువ నోకియావే. మన దగ్గర పల్లెపల్లెకూ స్మార్ట్‌ఫోన్ చేరింది 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాకే. అంటే మొదటి స్మార్ట్‌ఫోన్ కొనబోయే కోట్లమంది అప్పటికింకా మిగిలే ఉన్నారు. నోకియా పేరంటే గురి కూడా ఉంది. అలాంటి చోట ఓడిపోవడానికి ఆలస్యం ఒక్కటే కారణం ఎట్లా అవుతుంది?

మైక్రోసాఫ్ట్‌ను ఇన్నేళ్లు నిలబెట్టిన గుణం ఒకటుంది. పాత ప్రోగ్రామ్‌ను ఆగనివ్వదు. ఆ గుణాన్ని తనే పక్కన పెట్టిన ప్రతిసారీ దెబ్బతిన్నదని నా అభిప్రాయం.

అదెలా ఉంటుందో చూడాలంటే మిర్యాలగూడ వైపు ఏదైనా ధర్మకాంట గదిలోకి వెళ్లండి. వడ్ల లారీ కాంటా ఎక్కుతుంది. ఇండికేటర్ మీద ఎర్ర అంకెలు ఊగి ఊగి ఒకచోట ఆగుతాయి. ఆ అంకె సీరియల్ కేబుల్ గుండా కంప్యూటర్‌లోకి వస్తుంది. ఆపరేటర్ లారీ నంబరు కొట్టి ఎంటర్ నొక్కగానే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ కిర్రుమంటూ చీటీ వదులుతుంది. గ్రాస్, టేర్, నెట్, అంటే నిండు బండి బరువు, ఖాళీ బండి బరువు, సరుకు బరువు. నేను చూసే కాంటాల్లో ఈ ప్రోగ్రామ్‌లు చాలావరకు విజువల్ బేసిక్ 6లో రాసినవి. అది 1998లో వచ్చిన సాఫ్ట్‌వేర్. ప్రోగ్రామ్ రాసిన మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో మిల్లువాళ్లకు తెలియదు, సోర్స్ కోడ్ ఎవరి దగ్గరా లేదు. అయినా ఎక్స్‌పీ పోయి 7 వచ్చింది, 7 పోయి 10 వచ్చింది, చీటీ మాత్రం ఆగలేదు. ఆ ప్రోగ్రామ్‌లు నడవడానికి కావాల్సిన రన్‌టైమ్ ఫైల్‌ను మైక్రోసాఫ్ట్ ఈరోజుకీ, విండోస్ 11లో కూడా, లోపల పెట్టే ఇస్తోంది. కోతల సీజన్‌లో బండ్లు రోడ్డు దాకా బారులు తీరినప్పుడు ఆ ఒక్క ఫైల్ విలువ ఎంతో కాంటా గదిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది.

మన డీటీపీ షాపులూ అంతే. పెండ్లి పత్రికలు ఇప్పటికీ పేజ్‌మేకర్ 7, అను ఫాంట్ల మీద తయారవుతున్నాయి. ఆ పేజ్‌మేకర్ 2001 నాటిది. దాన్ని తయారుచేసిన అడోబీయే ఎప్పుడో వదిలేసింది, విండోస్ వదల్లేదు. ఆపిల్ సంగతి చూడండి, 2019లో మ్యాక్‌లో 32 బిట్ ప్రోగ్రామ్‌లన్నిటినీ ఒక్కసారిగా ఆపేసింది. ఈ తేడా వల్లే చిన్న ఊళ్ల వ్యాపారాలన్నీ విండోస్ మీద నిలబడ్డాయి.

ఇప్పుడు ఫోన్ల దగ్గరికి వద్దాం. 2011 ఫిబ్రవరిలో నోకియా, మైక్రోసాఫ్ట్ చేతులు కలిపాయి. ఆ ఏడాది చివర్లో విండోస్‌తో నడిచే నోకియా ఫోన్లు, మొదటి లూమియాలు వచ్చాయి. 2012 ఏప్రిల్‌లో లూమియా 900ను అమెరికాలో ఆర్భాటంగా దింపారు. పట్టుమని మూడు నెలలు కూడా కాలేదు, జూన్ 20న విండోస్ ఫోన్ 8 ప్రకటించి, ఇది పాత ఫోన్లకు రాదని చెప్పేశారు. లోపలి కెర్నల్, అంటే ఫోన్‌ను నడిపే మూల సాఫ్ట్‌వేర్, సీఈ అనే పాత రకం నుంచి ఎన్‌టీ అనే కంప్యూటర్ విండోస్ రకానికి మారింది కాబట్టి కుదరదు అన్నారు. టెక్నికల్‌గా ఆ మార్పు అవసరమే, నేను కాదనను. కానీ ఫోన్ పెట్టె కూడా ఇంకా పారేయని మనిషికి కెర్నల్‌తో ఏం పని? 7.8 అని ఒక అప్‌డేట్ ఇచ్చి, హోమ్ స్క్రీన్ కొంచెం మార్చి సరిపెట్టారు. ఇంకా బజారులో ఉన్న ఫోన్‌ను తయారుచేసినవాళ్లే ‘ఇది పాతది’ అని అన్నాక దాన్ని ఎవరు కొంటారు?

నేను వాడింది ఆ తర్వాత, 2013లో వచ్చిన లూమియా 520. పసుపు రంగుది, పదివేల పైచిలుకు ధర. ఉన్న ర్యామ్ 512 ఎంబీ. అదే ధరకు దొరికే ఆండ్రాయిడ్ ఫోన్లు అప్పట్లో తడబడుతుంటే ఇది వేలు కదిలినట్టు కదిలేది. అందులో హియర్ మ్యాప్స్ ఉండేది. మన రాష్ట్రం మ్యాప్ ఒక్కసారి దించుకుంటే చాలు, నెట్ లేకుండానే నోటితో దారి చెప్పేది. దేవరకొండ దాటి డిండి రోడ్డు మీద సిగ్నల్ పోయినా బాణం గుర్తు ఆగకుండా ముందుకు జరుగుతుండేది. ఆ ఫోన్ చేసిన ఇంజనీర్ల మీద నాకు ఇప్పటికీ గౌరవమే. విండోస్ ఫోన్లన్నిటిలో ఎక్కువ అమ్ముడుపోయింది కూడా ఆ 520నే.

విండోస్ 10 వచ్చే ముందు, విండోస్ ఫోన్ 8 ఉన్న లూమియాలన్నిటికీ దాన్ని ఇవ్వాలన్నదే మా ఉద్దేశం అని కంపెనీ చెప్పింది. 2016 మార్చిలో అసలు జాబితా బయటపడితే అందులో 520 లేదు. అంటే తనను నమ్మి ఎక్కువమంది కొన్న ఫోన్‌నే వదిలేసింది. 2012లో జరిగిందే మళ్లీ జరిగింది.

యాప్‌లు రాసేవాళ్లకూ ఇదే అనుభవం. మొదట సిల్వర్‌లైట్ అనే పద్ధతిలో రాయమన్నారు. 8.1 వచ్చాక విన్‌ఆర్‌టీ అనే ఇంకో పద్ధతి అన్నారు. 10 వచ్చాక యూడబ్ల్యూపీ అని మరొకటి అన్నారు. ప్రతిసారీ చేసిన పనిలో చాలావరకు మళ్లీ చేసుకోవాలి. వాడేవాళ్లు తక్కువున్న ఫోన్ కోసం అంత శ్రమ ఎవరు పడతారు? గూగుల్ కూడా మంచిగా ఏం ఉండలేదు, 2013లో మైక్రోసాఫ్ట్ తయారుచేసిన యూట్యూబ్ యాప్‌ను పని చేయకుండా ఆపింది. ఆ తప్పు గూగుల్‌దే. అయితే డెవలపర్లు వెళ్లిపోయింది యూట్యూబ్ వల్ల కాదు.

తర్వాతి కథ డబ్బుల లెక్క. నోకియా ఫోన్ల వ్యాపారాన్ని సుమారు 720 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2013 సెప్టెంబర్‌లో ప్రకటించి, 2014 ఏప్రిల్‌లో చేతిలోకి తీసుకున్నారు. 2015 జూలైలో 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేసి, 7,800 మంది ఉద్యోగాలు తీసేస్తున్నామన్నారు. పన్ను వివాదంలో ఇరుక్కుని ఆ అమ్మకంలో కలవని శ్రీపెరుంబుదూరు నోకియా ఫ్యాక్టరీ 2014 నవంబర్‌లోనే మూతపడింది. అక్కడ పనిచేసినవాళ్లలో ఎక్కువమంది చిన్న వయసు ఆడపిల్లలు. ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే.

ఇక విండోస్. మా క్లాసుకు తిప్పర్తి, కనగల్, నకిరేకల్ నుంచి బస్సుల్లో పిల్లలు వచ్చేవారు. మౌస్ పట్టుకోవడం అదే మొదటిసారి అయినవాళ్లు చాలామంది. మొదటి రోజు పాఠం ఎప్పుడూ ఒకటే. స్టార్ట్ నొక్కు, ప్రోగ్రామ్స్, యాక్సెసరీస్, పెయింట్. అది నోట్‌బుక్‌లో బాణం గుర్తులేసి రాసుకునేవారు. ఏం తోచకపోతే ఎడమ మూలకు పో అని చెప్పేవాణ్ణి. 1995 నుంచి ప్రపంచమంతా ఆ మూల నుంచే కంప్యూటర్ నేర్చుకుంది. 2012 అక్టోబర్ 26న వచ్చిన విండోస్ 8 ఆ మూలను ఖాళీ చేసింది. టచ్ స్క్రీన్ల కాలం వస్తోందని డెస్క్‌టాప్ వాడేవాళ్లందరి అలవాటునూ ఒక్క రోజులో మార్చబోయింది. ఏడాది తర్వాత 8.1లో బటన్ వచ్చింది కానీ మెనూ రాలేదు. అసలు మెనూ తిరిగొచ్చింది 2015 జూలైలో, విండోస్ 10తో. దాదాపు మూడేళ్లు! టాబ్లెట్ వాడేవాళ్లకు ఒక తెర, పాతవాళ్లకు పాత తెర ఇచ్చి ఉంటే ఎవరూ నొచ్చుకునేవారు కాదు.

అందుకే విండోస్ 10 నాకు బాగా నచ్చింది. 2015లో ఒక సభలో ఆ కంపెనీ ఉద్యోగి ఇదే చివరి విండోస్ అన్నట్టు మాట్లాడాడు, ఆ మాటను లోకమంతా నిజమనుకుంది. 2021లో విండోస్ 11 వచ్చింది. టీపీఎం 2.0 (రహస్య తాళాలను భద్రంగా దాచే) చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతిది ఉండాలి అన్నారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిసింది. భద్రత కోసం అని చెప్పే కారణం ఒట్టిమాట కాదు, టీపీఎం వల్ల మేలు ఉంది. కానీ 7వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉన్న సిస్టమ్ ఇంకో అయిదేళ్లు హాయిగా నడుస్తుంది. అలాంటి వాటిని మొత్తంగా గీత అవతల నిలబెట్టడం నాకు నచ్చలేదు. టీపీఎం లేనిచోట ఒక హెచ్చరిక చూపించి ఊరుకోవాల్సింది. ఒక కంప్యూటర్‌ను కిస్తీల మీద కొనే ఊళ్లు కూడా ఈ లోకంలో ఉన్నాయి కదా.

విండోస్ 11లో రీకాల్ అనే సదుపాయం సంగతి ఇంకా పెద్దది. 2024 మేలో ప్రకటించారు. ఏఐ పనుల కోసం చేసిన కొత్త కోపైలట్ ప్లస్ ల్యాప్‌టాప్‌ల్లో స్క్రీన్‌ను కొన్ని సెకన్లకొకసారి ఫొటో తీసి దాచుకుంటుంది, తర్వాత మనం వెతుక్కోవచ్చు. ఆలోచన మంచిదే. కానీ ముందుగా పరీక్షించి చూసిన భద్రతా నిపుణులు, ఆ ఫొటోల్లోంచి తీసిన అక్షరాలన్నీ మామూలు డేటాబేస్‌లో, సిస్టమ్‌లోకి చొరబడ్డవాడు ఎవడైనా చదవగలిగేట్టు పడి ఉన్నాయని చూపించారు. మన దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్‌ను ఊహించుకోండి. ఒక్క రోజులో మండలంలో సగం ఊళ్ల ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, బ్యాంకు వివరాలు ఆ తెర మీదికి వస్తాయి. దాన్ని ఫొటోలు తీసి దాస్తామంటే ఎంత జాగ్రత్త ఉండాలి? విమర్శలు వచ్చాక జూన్‌లో వెనక్కి తీసుకుని, ఎన్‌క్రిప్షన్ పెట్టి, ఇష్టమైతేనే ఆన్ చేసుకునేట్టు మార్చి 2025 ఏప్రిల్‌లో విడుదల చేశారు. ఇప్పుడున్న పద్ధతి మొదటి రోజే ఉండాల్సింది.

సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయినప్పుడు ఇక్కడ మేమందరం మా ఇంటి మనిషికి పదవి వచ్చినట్టు సంబరపడ్డాం. హైదరాబాద్ బేగంపేటలో చదువుకున్న మనిషి. నోకియాను కొనడం తనకు ఇష్టం లేదని తర్వాత ఆయనే రాశారు. ప్రోగ్రామ్‌లు రాసే డాట్‌నెట్‌ను ఓపెన్ సోర్స్ చేయడం (కోడ్‌ను అందరికీ తెరిచి ఇవ్వడం), ఐప్యాడ్‌కు ఆఫీస్ ఇవ్వడం, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్‌ను కొని పాడుచేయకుండా నడపడం ఇవన్నీ మంచి పనులే. క్లౌడ్‌లో కంపెనీని ఎక్కడికో తీసుకెళ్లారు. కానీ విండోస్ 11 గీత, రీకాల్ తొందర కూడా ఆయన కాలంలోవే. పెద్ద కంపెనీలకు అమ్మే వస్తువు మీద ఉన్నంత శ్రద్ధ, ఇంట్లో ఒక్క సిస్టమ్ ఉన్నవాళ్ల మీద కనబడటం లేదు.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. కొనండి. మన దగ్గర ట్యాలీ, డీటీపీ, ఆఫీసు పనులకు విండోస్‌ను మించింది లేదు. కొత్తది అయితే 16 జీబీ ర్యామ్‌ది చూడండి, కోపైలట్ ప్లస్ అని ఉంటే సెట్టింగ్స్‌లో రీకాల్ ఆఫ్‌లో ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో సెకండ్ హ్యాండ్ తీసుకునేటట్లయితే స్టిక్కర్ చూసి మోసపోవద్దు, సిస్టమ్ ప్రాపర్టీస్ తెరిచి ప్రాసెసర్ పేరు చదవండి. ఐ5 తర్వాత గీత పక్కన 7200 అని ఉంటే అది 7వ తరం, 8250 అని ఉంటే 8వ తరం. ధరలో తేడా కొంచెమే అయినా రెండోదే తీసుకోండి. ఇంట్లో ఇప్పటికే విండోస్ 10 ఉంటే, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి, విండోస్ అప్‌డేట్ పేజీలో అదనపు భద్రతా అప్‌డేట్లకు (ఈఎస్‌యూ) నమోదు చేసుకుని, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు డబ్బు కట్టకుండా వస్తాయి. ధర్మకాంట సిస్టమ్‌లో విజువల్ బేసిక్ ప్రోగ్రామ్ అయితే విండోస్ 11లో కూడా నడుస్తుంది, కాకపోతే సీరియల్ పోర్టు కోసం మంచి యూఎస్‌బీ కన్వర్టర్ కావాలి. డాస్ కాలం నాటి 16 బిట్ ప్రోగ్రామ్ అయితే మాత్రం విండోస్ 11లో నడవదు. ఆ పాత సిస్టమ్‌ను అలాగే ఉంచి, నెట్ కేబుల్ తీసేసి, హార్డ్ డిస్క్‌కు ఒక పూర్తి కాపీ తీసి బీరువాలో పెట్టండి.