గుండు తగలకముందే గోడ పేలిపోతోంది!

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్ కోసం బ్లెండర్ అనే 3డి యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఇటుక గోడ చేశాను. వస్తువుల్ని పగలగొట్టే సెల్ ఫ్రాక్చర్ టూల్‌తో 300 ముక్కలు చేసి, ఇనుప గుండు వచ్చి గుద్దేలా పెట్టాను. ప్లే నొక్కగానే, గుండు ఇంకా సగం దారిలో ఉండగానే, గోడ దానంతటదే పేలిపోతోంది. పేలని రోజున ముక్కలు దూదిలా తేలుతూ పడుతున్నాయి. తప్పెక్కడ?
— ఎస్.ఆర్., తణుకు

జవాబు: ముందు ముక్కలకి కొలిజన్ షేప్ (ఢీకొనడం లెక్కకట్టేటప్పుడు బ్లెండర్ వాడే ఆకారం) ఏం పెట్టారో చూడండి. మెష్ (వస్తువు అసలు ఆకారం ఉన్నదున్నట్టు) అని ఉంటే దొంగ దొరికినట్టే. మెష్ పెడితే ఒక్కో ముక్క చుట్టూ మార్జిన్ అని కనపడని పొర ఒకటి ఉంటుంది, మనం మార్చకపోతే అది 4 సెంటీమీటర్లు. ముక్కకీ ముక్కకీ మధ్య వెంట్రుక పట్టేంత సందు కూడా లేని మీ గోడలో ఈ పొరలన్నీ మొదటి ఫ్రేమ్‌లోనే ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి, ఇదేంటని సాల్వర్ (కదలికలు లెక్కకట్టే భాగం) అన్నిటినీ ఒక్కసారిగా బయటికి తోసేస్తుంది. మీ పేలుడు అదే. కాన్వెక్స్ హల్‌కి, అంటే గుంటల్లేకుండా ముక్కని చుట్టేసే ఆకారానికి, మార్చండి. సెల్ ఫ్రాక్చర్ వాడే వోరొనోయ్ పద్ధతిలో తెగిన ముక్కలకి గుంటలుండవు కాబట్టి అది చక్కగా సరిపోతుంది, మార్జిన్ కూడా ఆకారం లోపలే సర్దుకుంటుంది. స్టార్ట్ డీయాక్టివేటెడ్ కూడా టిక్ చేస్తే ఏదో ఒకటి తగిలేదాకా ముక్కలు కదలవు.

ఇక దూది సంగతి. గోడ ఎత్తెంతో ఎన్ కీ నొక్కి చూశారా? 3 మీటర్ల పైనుంచి పడే ఇటుక 0.78 సెకన్లలో, అంటే సెకనుకి 24 ఫ్రేముల లెక్కన 19 ఫ్రేముల్లో నేలని తాకాలి. తెలియకుండా 30 మీటర్ల గోడ కట్టి కెమెరా వెనక్కి లాగారనుకోండి, అదే ఇటుకకి 59 ఫ్రేములు పడుతుంది. మీ మనసులో ఉన్న సైజు గ్రావిటీకి ఎలా తెలుస్తుంది? సైజు సరిచేసి, కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చెయ్యండి.

బరువు కూడా చూసుకోండి. చిన్నదైనా పెద్దదైనా ప్రతిదానికీ బ్లెండర్ మొదట ఇచ్చేది 1 కిలోనే, మీ ఇనుప గుండుతో సహా! 3 మీటర్ల పొడవు, అంతే ఎత్తు ఉన్న నాలుగున్నర అంగుళాల గోడ నిజానికి దాదాపు రెండు టన్నులు తూగుతుంది, మీది 300 కిలోలు. పదార్థాన్ని బట్టి బరువు లెక్కకట్టే కాల్క్యులేట్ మాస్‌లో ఇటుక, పోత ఇనుము అన్నీ ఉన్నాయి (సోయా గింజలు కూడా ఉన్నాయి, ఎవరికి పనికొస్తాయో మరి). గుండు సెకనుకి 30 మీటర్ల వేగంతో వస్తుంటే ఒక ఫ్రేమ్‌లో 1.25 మీటర్లు దాటేస్తుంది, దాన్ని 10 సబ్‌స్టెప్‌లుగా (ఒక ఫ్రేమ్‌లో బ్లెండర్ లెక్కవేసే చిన్న భాగాలు) కోసినా ఒక్కోదానికి 12.5 సెంటీమీటర్లు, అంటే గోడ మందం కంటే ఎక్కువే, గుండు తగలకుండానే దాటిపోవచ్చు. సబ్‌స్టెప్‌లు 40కి పెంచండి.

ఇవన్నీ చేసినా నాకు నచ్చనిది ఒకటి మిగులుతుంది. ఇటుక గోడ వోరొనోయ్ ముక్కల్లా పగలదండీ. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు సగం కూల్చిన ప్రహరీ ఎక్కడైనా కనిపిస్తే ఆగి చూడండి: నాలుగైదు ఇటుకలు సిమెంటుతో అతుక్కుని గడ్డగా పడి ఉంటాయి, దెబ్బ తగిలిన చోట మాత్రం సగం ఇటుకలు, ఎర్రటి పొడి, పక్కన ప్లాస్టరింగ్ అట్టలా లేచి వేలాడుతుంటుంది. అందుకని ఇటుకలు ఇటుకల్లాగే పేర్చి, కనెక్ట్‌తో ఫిక్స్‌డ్ కన్‌స్ట్రెయింట్లు (ఇటుకకీ ఇటుకకీ మధ్య అతుకులు) వేసి, అవి తెగేలా బ్రేకబుల్ టిక్ చేసి, తెగే హద్దు ఒక్కో అతుకుకి ఒక్కోలా ఇవ్వండి. అన్నిటికీ ఒకే అంకె ఇస్తే గోడంతా బిస్కెట్లలా ఒకేసారి రాలుతుంది. గుండు తగిలే చోట పది పదిహేను ఇటుకలకి మాత్రం సెల్ ఫ్రాక్చర్ వాడుకోండి. దుమ్ము విడిగా కలపాల్సిందే.

సాఫ్ట్‌వేర్ ఫ్రీ కాబట్టి ఇంతేలే అని మాత్రం అనుకోకండి. బ్లెండర్‌లో ఈ పని చేసే బుల్లెట్ లైబ్రరీకి గాను ఎర్విన్ కూమన్స్‌కి 2015లో ఆస్కార్ అకాడమీ సాంకేతిక అవార్డు ఇచ్చింది.

ప్రశ్న: కుండలో గోళీలు పోస్తుంటే లోపలికి వెళ్ళకుండా మూతి మీదే ఆగిపోతున్నాయి. ఏం చెయ్యాలి?
— కె., వరంగల్

జవాబు: మీకు పై జవాబుకి తలకిందులు. కాన్వెక్స్ హల్ అంటే కుండ మీద బిగుతుగా గుడ్డ కట్టినట్టు, మూతి కూడా మూసుకుపోతుంది. కుండకి మెష్ పెట్టి, అది కదలకపోతే పాసివ్ చేసి, మార్జిన్ 0 ఇవ్వండి. గోళీలకి మాత్రం స్ఫియర్ చాలు, మెష్ పెట్టారంటే కంప్యూటర్ ఫ్యాన్ మోత వినలేరు.