కొత్తగా అసెంబుల్ చేసిన పీసీలో నెట్ వచ్చి పోతుంటే ముందు పోర్టులోకి టార్చ్ వేసి చూడండి

మీరు రాసింది చదువుతుంటే నా మొదటి పీసీ రోజులు గుర్తొచ్చాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. మీరే సొంతంగా పీసీ అసెంబుల్ చేసుకున్నారు, విండోస్ 11 వేశారు, రౌటర్ నుంచి లాన్ కేబుల్ పెట్టారు. నెట్ కాసేపు వస్తోంది, కాసేపు పోతోంది. పోయినప్పుడు ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతోంది. అదే రౌటర్ మీద ఫోను, పాత ల్యాప్‌టాప్ వైఫైతో హాయిగా నడుస్తున్నాయి. విండోస్ రెండుసార్లు తీసేసి మళ్లీ వేశారు. మూడోసారి వేయాలా, లేక మదర్‌బోర్డ్ వెనక్కి ఇచ్చేయాలా అని అడిగారు.

రెండూ ఇప్పుడే వద్దండి. షాపులో కొన్న రెడీమేడ్ సిస్టమ్ అయితే నేను కూడా సాఫ్ట్‌వేర్ దగ్గరే మొదలుపెట్టేవాణ్ణి. కానీ మనం కట్టుకున్న సిస్టమ్‌లో ముందు మన చేయి పడిన చోటే వెతకాలి. రౌటర్ మీరు ముట్టుకోలేదు, అది నిన్నటిలాగే ఉంది. మదర్‌బోర్డ్‌ని కేబినెట్‌లో బిగించింది, పోర్టులు వెనక కంతల్లోకి సరిపెట్టింది మీరే. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

నాకు జరిగింది చెప్తాను. సిస్టమ్ ఆన్ అయి స్క్రీన్ మీద బొమ్మ వచ్చిన రాత్రి పండగలా అనిపించింది. విండోస్ వేశాక నెట్ వచ్చింది, పది నిమిషాల్లో పోయింది, మళ్లీ వచ్చింది. రెండు రాత్రులు డ్రైవర్లు మార్చాను, నెట్‌వర్క్ రీసెట్ చేశాను, సైట్ల పేర్లకు అడ్రస్ వెతికిపెట్టే డీఎన్ఎస్ మార్చాను, విండోస్ కూడా మళ్లీ వేశాను. ఏదీ పనిచేయలేదు, టెన్షన్ మాత్రం పెరిగింది. మూడో రోజు కేబుల్ మార్చి చూద్దామని పాతది లాగి కొత్తది పెడుతుంటే ఒక విషయం గమనించాను. ప్లగ్ పోర్టులోకి వెళ్తోంది గానీ, రౌటర్ వైపు పెట్టినప్పుడు వినిపించే టక్ అనే చప్పుడు ఇక్కడ రావడం లేదు. ఫోను టార్చ్ వేసి లోపలికి చూశాను. మదర్‌బోర్డ్‌తో పాటు ఒక సన్నని రేకు వస్తుంది కదా, ఐఓ షీల్డ్, కేబినెట్ వెనక నొక్కి బిగిస్తాం. దానికి పోర్టుల పైన ఆనుకోవడానికి చిన్న చిన్న స్ప్రింగు నాలుకలు ఉంటాయి. అందులో ఒకటి, గోరంత కూడా లేని ముక్క, పోర్టు పైన ఆనుకోవాల్సింది పోయి లోపలికి మడత పడింది. ప్లగ్ పూర్తిగా లోపలికి పోకుండా అదే అడ్డుపడుతోంది.

గ్రాఫిక్స్ కార్డు తీసి, మదర్‌బోర్డ్ తొమ్మిది స్క్రూలూ విప్పి, బోర్డును కాస్త వెనక్కి జరిపి, నాలుకను పైకి సరిచేసి మళ్లీ బిగించాను. ఈసారి కేబుల్ పెడితే టక్ మంది. లింక్ స్పీడ్, అంటే పీసీకీ రౌటర్‌కీ మధ్య కేబుల్ నడిచే వేగం, 1000 ఎంబీపీఎస్‌కి (గిగాబిట్) వచ్చింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా తెగలేదు.

ఇలాంటి చోట నెట్ పూర్తిగా ఆగిపోకుండా, వచ్చి పోతుండడం ఎందుకంటే, లాన్ కేబుల్లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా ఉంటాయి. 100 ఎంబీపీఎస్ వేగానికి రెండు జతలు చాలు, అవి 1, 2, 3, 6 పిన్నుల మీద ఉంటాయి. గిగాబిట్‌కి మాత్రం నాలుగు జతలూ కావాలి. ఏ వేగంతో నడవాలో పీసీ, రౌటర్ ముందుగా మాట్లాడుకుంటాయి, ఆ మాటలు ఆ రెండు జతల మీదే జరుగుతాయి. 1000కి ఒప్పుకుని తీరా నాలుగు జతల మీద పని మొదలుపెట్టేసరికి ఒక జత సరిగా ఆనలేదనుకోండి, లింక్ తెగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి మాటలు మొదలవుతాయి. కొన్ని లాన్ చిప్‌లు రెండు మూడుసార్లు చూసి, ఇక లాభం లేదని 100కి దిగిపోయి అక్కడే నిలబడతాయి. అందుకే మీ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ తెరిచి, ఈథర్‌నెట్‌లో లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోందో చూడండి. గిగాబిట్ రౌటర్‌కి కలిపి కూడా అక్కడ 100 అని ఉంటే, ఎక్కువసార్లు తప్పు పోర్టులోనో, ప్లగ్‌లోనో, కేబుల్లోనో ఉంటుంది. విండోస్‌ని ఎన్నిసార్లు వేసినా తీగ వెళ్లి పిన్నుకి ఆనదు.

చూసేటప్పుడు సిస్టమ్ ఆపేసి, పవర్ సప్లై వెనక స్విచ్ కూడా ఆపండి. పోర్టులో స్క్రూడ్రైవర్ పెట్టి కెలకొద్దు, లోపలి పిన్నులు సన్నటివి, ఒకటి వంగితే నిజంగానే బోర్డు మార్చాల్సి వస్తుంది. మీ మదర్‌బోర్డ్‌కి షీల్డ్ ముందే బిగించి వస్తే, ఈమధ్య చాలా బోర్డులు అలాగే వస్తున్నాయి, ఈ సమస్య దాదాపు ఉండదు. అప్పుడు ఈ భాగం వదిలేసి కింద చెప్పినవి చూడండి.

169.254 గురించి. ఇది మీకు దొరికిన మంచి క్లూ. పీసీ నెట్‌వర్క్‌లోకి రాగానే "నాకో అడ్రస్ ఇవ్వండి" అని అడుగుతుంది, ఇచ్చే పని రౌటర్‌ది, దాన్నే డీహెచ్‌సీపీ అంటారు. ఎవరూ పలకకపోతే విండోస్ తనకు తానే 169.254తో మొదలయ్యే అడ్రస్ ఒకటి పెట్టుకుంటుంది. అంటే ఆ సమయంలో మీ పీసీ మాట రౌటర్ దాకా చేరడం లేదు, లేదా రౌటర్ మాట వెనక్కి రావడం లేదు. నెట్ ఇచ్చే కంపెనీకి ఫోన్ చేయడం, డీఎన్ఎస్‌ని 8.8.8.8కి మార్చడం ఈ దశలో పనికిరావు. ఇల్లు దాటాక వచ్చే సమస్యలకు అవి మందు, మీ సమస్య ఇంకా ఇల్లు దాటలేదు.

ల్యాప్‌టాప్ బాగానే ఉంది అన్నారు, కానీ అది వైఫై మీద నడుస్తోంది కాబట్టి కేబుల్ సంగతి ఏమీ తెలియదు. ల్యాప్‌టాప్‌కి లాన్ పోర్టు ఉంటే పీసీకి పెట్టిన అదే కేబుల్ తీసి దానికి పెట్టండి. రౌటర్ వైపు ముట్టుకోవద్దు, అదే పోర్టులో ఉండాలి. వైఫై ఆపేసి ఒక అరగంట వాడండి. బాగా నడిచి, లింక్ స్పీడ్ కూడా సరిగ్గా చూపిస్తే కేబుల్ మీద, రౌటర్ మీద అనుమానం తీసేయొచ్చు. ల్యాప్‌టాప్‌లో కూడా తెగితే మీ కొత్త పీసీ తప్పేమీ లేదు.

తర్వాత, నెట్ వస్తున్నప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) కొట్టి డిఫాల్ట్ గేట్‌వే నంబర్, అంటే మీ రౌటర్ అడ్రస్, చూసుకోండి, చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. ఆ నంబర్‌కి పింగ్ ఇస్తూ చివర మైనస్ టీ పెడితే (ping 192.168.1.1 -t లాగా) మీరు ఆపేదాకా రౌటర్‌ని "ఉన్నావా" అని అడుగుతూనే ఉంటుంది. అది నడుస్తుండగా పీసీ వెనక కేబుల్‌ని వేలితో మెల్లగా అటూ ఇటూ కదపండి. కదిపినప్పుడల్లా "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" వస్తుంటే తప్పు మీ వేలి కిందే ఉంది. కదిపినా ఏమీ కాకుండా, దానంతట అదే తెగుతుంటే అప్పుడు సాఫ్ట్‌వేర్ వైపు రండి.

సాఫ్ట్‌వేర్ అన్నాను కదా అని విండోస్ మళ్లీ వేయొద్దు. దాని బదులు ఉబుంటు లాంటి లైనక్స్‌ని పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" ఎంచుకుని నడపండి. మీ డిస్క్ మీద ఏమీ మారదు. అందులో గంటసేపు నెట్ తెగకుండా నడిస్తే హార్డ్‌వేర్ బాగానే ఉన్నట్టు, విండోస్ డ్రైవరో సెట్టింగో చూసుకోవాలి. అందులోనూ అలాగే తెగితే విండోస్‌ని అనుమానించాల్సిన పని లేదు. ఈ ఒక్క పరీక్ష ముందే తెలిసుంటే నా రెండు రాత్రులు మిగిలేవి, మీకూ రెండోసారి విండోస్ వేసే శ్రమ తప్పేది.

డ్రైవర్ కోసం మీ మదర్‌బోర్డ్ మోడల్ పేజీలోకే వెళ్లండి. డ్రైవర్లు వెతికిపెడతామనే వేరే సాఫ్ట్‌వేర్లు పెట్టుకోవద్దు, అవి తెచ్చే చెత్త శుభ్రం చేసుకోవడం ఇంకో పని. విండోస్‌తో వచ్చే లాన్ డ్రైవర్ కొన్నిసార్లు పాతది, కొత్త 2.5 గిగాబిట్ చిప్‌లకైతే అసలు లేకపోవచ్చు కూడా. నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించాలి అంటే, ఆండ్రాయిడ్ ఫోనుని యూఎస్‌బీ కేబుల్‌తో పీసీకి పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, మామూలుగా వేరే డ్రైవర్ లేకుండానే నెట్ వచ్చేస్తుంది. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ కాకుండా డేటా కేబుల్ అయి ఉండాలి.

కాసేపు వాడకుండా వదిలేసి వచ్చాకే నెట్ పోతోందా? అయితే డివైస్ మేనేజర్‌లో లాన్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయొచ్చు అనే టిక్ తీసేయండి. అడ్వాన్స్‌డ్‌లో ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్ ఉంటే డిసేబుల్ చేసి చూడండి. అక్కడే స్పీడ్ అండ్ డూప్లెక్స్ ఉంటుంది, దాన్ని ఆటో మీదే ఉంచండి. చాలామంది 100 ఫుల్ డూప్లెక్స్ పెట్టేస్తే తెగడం ఆగిందని చెప్తారు. ఆగుతుంది నిజమే, రెండు జతలతో నడుస్తుంది కాబట్టి. కానీ జబ్బు అలాగే ఉండిపోతుంది.

ఇంకో రెండు చిన్న విషయాలు. పింగ్ అన్నీ బాగుండి, బ్రౌజర్‌లో మాత్రం మీ కనెక్షన్ ప్రైవేట్ కాదని ప్రతి సైటూ గొడవ పెడుతుంటే గడియారం చూడండి. కొత్త బోర్డులో తేదీ ఏళ్ల వెనక ఉండిపోతే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు, తేదీ సరిచేయగానే అన్నీ తెరుచుకుంటాయి. ఒకవేళ కేబుల్ వదిలేసి వైఫైకి మారదామనుకుంటే, మదర్‌బోర్డ్ పెట్టెలో వచ్చిన ఆంటెనాలు వెనక బిగించారా లేదా చూసుకోండి. నా స్నేహితుడొకరు అవి లేకుండానే వారం రోజులు వాడాడు, రౌటర్ పక్క గదిలోనే ఉన్నా సిగ్నల్ ఒక గీత దాటలేదు.

మదర్‌బోర్డ్ వెనక్కి ఇవ్వడం అన్నిటికంటే చివర. పోర్టు శుభ్రంగా ఉండి, ల్యాప్‌టాప్‌లో నెగ్గిన కేబుల్ పెట్టి, లైనక్స్‌లోనూ తెగుతుంటే అప్పుడు ఒక యూఎస్‌బీ లాన్ అడాప్టర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి పెట్టండి. దానితో నిలకడగా నడిస్తే బోర్డు మీది లాన్ చిప్పే పాడైనట్టు, వారంటీలో ధైర్యంగా అడగండి. చేసిన పరీక్షలన్నీ వరసగా రాసిపెట్టుకుంటే అవతలివాళ్లు మిమ్మల్ని మళ్లీ విండోస్ వేయమని తిప్పి పంపలేరు.

ముందు టార్చ్ వేసి చూసి పోర్టు ఫోటో, లింక్ స్పీడ్ అంకె పెట్టండి. 169.254 మళ్లీ వచ్చిన క్షణంలో పోర్టు పక్కన ఉండే చిన్న లైట్లు వెలుగుతున్నాయా, ఆరిపోయాయా అన్నది కూడా రాయండి. ఆరిపోతే పైన చెప్పిన కేబుల్, పోర్టు దారే. వెలుగుతూనే అడ్రస్ రాకపోతే మాత్రం ముందు డ్రైవర్, తర్వాత రౌటర్ సెట్టింగ్స్‌లో మ్యాక్ ఫిల్టర్ (ఏ పరికరాలను రానివ్వాలో చెప్పే జాబితా) చూద్దాం.