ఎల్ఈడీ ఆర్పినా లక్షల్లో కౌంట్లు: వెలుతురు దూరుతోందా, వేడి వల్లా?

మీరు అడిగింది ఇది: అనంతపురంలో కాలేజీ ల్యాబు, 3×3 మిల్లీమీటర్ల సిలికాన్ ఫొటోమల్టిప్లయర్ (ఒక్కో ఫోటాన్‌ను, అంటే వెలుతురు కణాన్ని, పట్టే సెన్సర్). ఎల్ఈడీ ఆర్పినా పొద్దున 26 డిగ్రీల దగ్గర సెకనుకు 4 లక్షల కౌంట్లు, మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగి గది 36కి ఎక్కాక 8 లక్షలు. సిగ్నల్ చూస్తే 2 వేలే. పెట్టెలోకి వెలుతురు దూరుతోందా?

వేడే. ఈ సైజు సెన్సర్‌కు లక్షల్లో డార్క్ కౌంట్లు (వెలుతురు లేకున్నా వేడికి పడే కౌంట్లు) మామూలే, దాదాపు 10 డిగ్రీలకోసారి రెట్టింపవుతాయి. అయినా గదిలో లైటు వేసి, ఆర్పి చూడండి. అంకె కదిలితే లీకు. పెట్టె లోపల బోర్డు మీద మినుకుమనే ఇండికేటర్ ఈ పరీక్షకు దొరకదు, దాన్ని ముందే పీకేయండి.

డార్క్ ఎంతున్నా తీసేయొచ్చు. అది నిలకడగా ఉండకపోవడంతోనే చిక్కు. ఎల్ఈడీతో 100 సెకన్లు, లేకుండా 100 సెకన్లు లెక్కిస్తే తేడా 2 లక్షలు. పాయిసాన్ హెచ్చుతగ్గులు (ఏ లెక్కింపులోనైనా సహజంగా వచ్చే తేడా) సుమారు 9 వేలు. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ మధ్యలో సెన్సర్ 0.1 డిగ్రీ వేడెక్కితే చాలు, డార్క్ సెకనుకు 2,800 దాకా పెరుగుతుంది. మీ సిగ్నల్‌నే మించిపోయింది! ఎంతసేపు లెక్కపెట్టినా ఈ తప్పు పోదు.

అందుకే ఎల్ఈడీని ఎప్పుడూ వెలిగించి ఉంచకండి. సెకనుకు 10 వేల సార్లు, 20 నానోసెకన్ల పల్సులివ్వండి. ప్రతి పల్సుకూ 100 నానోసెకన్ల గేటు (కౌంట్లను లెక్కలోకి తీసుకునే వ్యవధి) మాత్రమే తెరవండి. సెకను మొత్తంలో గేటు తెరిచుండేది 1 మిల్లీసెకను, కాబట్టి 4 లక్షల డార్క్ కాస్తా 400 అవుతుంది.

గేటులో ఎన్ని సెన్సర్ పల్సులు పడ్డాయో లెక్కపెట్టకండి, క్రాస్‌టాక్ (సెన్సర్‌లో ఒక గడి స్పందిస్తే పక్క గడీ స్పందించడం) ఒక ఫోటాన్‌ను రెండుగా చూపిస్తుంది. ఏమీ పడని గేట్లను లెక్కించండి. ఎల్ఈడీ ఆర్పినప్పటి ఖాళీ గేట్లను, అన్నే పల్సులకు వెలిగించినప్పటి ఖాళీ గేట్లతో భాగించి సహజ లాగరిథం తీస్తే పల్సుకు సగటున ఎన్ని ఫోటాన్లు దొరికాయో వస్తుంది. డార్క్ కూడా అందులోనే కొట్టుకుపోతుంది.

థ్రెషోల్డ్ (పల్సును లెక్కలోకి తీసుకునే కనీస ఎత్తు) ఒక ఫోటాన్ పల్సు ఎత్తులో సగం దగ్గర పెట్టండి. వేడెక్కితే ఆ ఎత్తూ తగ్గుతుంది: హమామట్సు ఎస్13360 రకంలో బ్రేక్‌డౌన్ వోల్టేజీ (సెన్సర్ పల్సులివ్వడం మొదలుపెట్టే వోల్టేజీ) డిగ్రీకి 54 మిల్లీవోల్టులు పెరుగుతుంది, దానిపైన ఇచ్చే 3 వోల్టుల ఓవర్‌వోల్టేజీలో 10 డిగ్రీలకే 18 శాతం పోతుంది. బయాస్‌ను (సెన్సర్‌కు ఇచ్చే మొత్తం వోల్టేజీని) అదే లెక్కన పెంచుతూ పోవాలి.

పెల్టియర్‌తో (కరెంటుతో చల్లబరిచే పలకతో) 20 డిగ్రీలు చల్లబరిస్తే డార్క్ నాలుగో వంతుకు దిగుతుంది. ఎండాకాలం పర్లేదు గానీ, వానలు మొదలయ్యాక సెన్సర్ మీద చెమ్మ పడుతుంది. పెట్టెలో సిలికా జెల్ ఉండాల్సిందే.