శబ్ద ఇంజనీరుకు సారథ్యం దక్కుతుందా?

ప్రశ్న: నేను అనంతపురంలో ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారికి మైకుసెట్ల అంగడి ఉండడంతో చిన్నప్పటి నుంచీ శబ్దశాస్త్రం మీద మక్కువ. పెద్ద టెక్నాలజీ కంపెనీలో అకౌస్టిక్స్ ఇంజనీరుగా చేరాలని కోరిక. అక్కడ పైకి వచ్చేది సాఫ్ట్‌వేర్ వాళ్లేననీ, స్పీకర్లు, మైకులు చూసేవాళ్లు ల్యాబులోనే ఉండిపోతారనీ సీనియర్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: సగం నిజం. ఈ విభాగాలు చిన్నవి కాబట్టి పై పదవులూ తక్కువే. అయితే ల్యాబులో ఉండిపోతారన్న మాటకు చరిత్రే అడ్డు చెబుతుంది. కాన్పూరులో పుట్టిన బిష్ణు అటల్ లక్నోలో భౌతికశాస్త్రం, మీకు దగ్గరలోనే ఉన్న బెంగళూరు ఐఐఎస్సీలో ఇంజనీరింగు చదివి, కొంతకాలం అక్కడే అకౌస్టిక్స్ బోధించి, 1961లో అమెరికాలోని టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో చేరారు. ఉద్యోగం చేస్తూనే 1968లో పీహెచ్‌డీ ముగించారు. 1985లో అక్కడి అకౌస్టిక్స్ పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. మాటను తక్కువ బిట్లలో పంపేందుకు ఆయన, జర్మన్ భౌతికశాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ అదే ఏడాది ప్రతిపాదించిన సెల్ప్ (CELP) పద్ధతి తర్వాత సెల్‌ఫోన్లకు ఆధారమైంది. పదవి వచ్చేసరికి 24 ఏళ్లు పట్టిందన్న సంగతి కూడా గమనించండి.

ఇక నేటి కంపెనీల సంగతి. ఫోన్‌లో శబ్దం బాగుండడం శబ్ద ఇంజనీరు ఒక్కరి చేతిలో లేదు. స్పీకరు వెనుక ఉండవలసిన గాలి చోటును బ్యాటరీ ఆక్రమిస్తుంది, మైకు రంధ్రం ఎక్కడుండాలో డిజైన్ బృందం నిర్ణయిస్తుంది, నీరు చొరకుండా పెట్టే జాలీ శబ్దాన్ని కొంత మింగేస్తుంది. 200 హెర్ట్జ్ (సెకనుకు 200 కంపనాలు) వద్ద వచ్చే శబ్దాన్ని అంతే శబ్ద తీవ్రతతో, మరింత మంద్రమైన 100 హెర్ట్జ్ వద్ద వినిపించాలంటే స్పీకరు పొర నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి; మందం తగ్గించమని అడిగేవారికి ఈ లెక్క సాధారణంగా తెలియదు. అందుకే, ఒక మిల్లీమీటరు పోతే శ్రోతకు ఏమి పోతుందో కొలిచి, గ్రాఫు చూపించి, ఇతర బృందాలను ఒప్పించగలిగినవారే క్రమంగా సారథులవుతారు. హోదా ఆ తర్వాతే వస్తుంది. చాలా పెద్ద కంపెనీలలో మేనేజరు దారి కాకుండా, సాంకేతిక నిపుణులుగానే పైమెట్లు ఎక్కే దారి వేరుగా ఉంటుంది. ఏది మీదో ఇప్పుడే తేల్చుకోవలసిన పని లేదు.

మీ అంగడి మీకున్న పెద్ద ఆస్తి, నా దృష్టిలో ఏ కోచింగు సెంటరూ ఇవ్వలేనిది. మైకు కీచుమనేది స్పీకరు నుంచి వచ్చిన శబ్దం తిరిగి మైకులో పడి, చుట్టుతిరిగిన ప్రతిసారీ పెరగడం వల్లనే కదా. స్పీకర్‌ఫోన్‌లోనూ అవతలివారి మాట అలాగే మైకులో పడి, వారికే ప్రతిధ్వనిగా తిరిగి వెళుతుంది. ఆ దారిని అంచనా కట్టి ప్రతిధ్వనిని తీసివేసే ఎల్ఎంఎస్ ఫిల్టరును (తన అంచనాలోని తప్పును చూసి తనను తానే సరిదిద్దుకునే ప్రోగ్రామును) మీరే రాసి, అంగడిలోని పరికరాలతో పరీక్షించి, చివరి సంవత్సరం ప్రాజెక్టుగా చేయండి. గది మారితే ఫలితం ఎందుకు మారిందో కూడా నమోదు చేయండి. ఇంటర్వ్యూలో ఎక్కువ ప్రశ్నలు వచ్చేది అక్కడే.