మూడింతల సూత్రంలో మీ కూలి ఎక్కడ?

ప్రశ్న: క్రోషియాతో బొమ్మలు, దుప్పట్లు అల్లి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. సరుకు ఖర్చుకు మూడింతలు ధర పెడుతున్నాను. ఆర్డర్లకు కొదవ లేదు, చేతిలో మాత్రం ఏమీ మిగలడం లేదు. ప్యాటర్న్‌లు (ఎలా అల్లాలో రాసిన సూచనలు) కూడా అమ్మాలని ఉంది. ధరలు ఎలా కట్టాలి?

జవాబు: మూడింతల సూత్రం ఊలును చూస్తుంది గానీ మీ గంటలను చూడదు. లావు ఊలు దుప్పటికి సరుకు ఎక్కువ పడుతుంది, పని త్వరగా తెములుతుంది కాబట్టి అక్కడ ఎలాగో గట్టెక్కుతారు. చిన్న బొమ్మకు ఊలు కాస్తే, పని బోలెడు. మీ డబ్బు పోతున్నది అక్కడే.

ముందు కొలవడం మొదలుపెట్టండి. ఊలు ఉండను అల్లకముందు, అల్లాక త్రాసు మీద తూస్తే ఎన్ని గ్రాములు పట్టిందో తెలుస్తుంది. గంటలకు టైమర్ పెట్టండి. అల్లిక ఒక్కటే కాదు, దూది కూరడం, ముక్కలు కలిపి కుట్టడం, దారం కొసలు లోపలికి దాచడం, ఫోటోలు, ప్యాకింగ్, కొనేవాళ్లతో మాటలు కూడా పనే.

ఒక బొమ్మ లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ డబ్బులో మీవి వేసుకోండి. ఊలు, దూది, కళ్లు కలిపి 160. ప్యాకింగ్ 30. హుక్కులు, కరెంటు, పాడైన నమూనాల వంటి వాటికి 60. మొత్తం 250. పని 6 గంటలు. మీ పద్ధతిలో ధర 480. అమ్మే వేదిక 15 శాతం కమీషన్ కింద 72 తీసుకుంటే, ఖర్చులు పోను మిగిలేది 158. అంటే గంటకు 26.

గంటకు 100 కావాలనుకుంటే 250కి 600 కలపండి, 850. ఇక్కడ చాలామంది 850 మీద 15 శాతం కలిపి 977 అంటారు. అది తప్పు, ఎందుకంటే కమీషన్ అమ్మకం ధర మీద పడుతుంది. 850ని 0.85తో భాగించండి, 1000 వస్తుంది. 977కి అమ్మితే చేతికి వచ్చేది 830 చిల్లరే.

డిస్కౌంటు విషయంలో మరీ జాగ్రత్త. సరుకు ఖర్చు తగ్గదు కాబట్టి తగ్గింపు మీ కూలి మీదే పడుతుంది. 20 శాతం తగ్గించి 800కి ఇస్తే మీకు గంటకు దక్కేది 72లోపే, అంటే కూలి 28 శాతం పైగా కోసుకున్నట్టు. 1000కి ఎవరూ కొనకపోతే కూలి కాదు, డిజైన్ మార్చండి. విడివిడిగా అల్లి కుట్టే కాళ్లూ చేతులను ఒంటితోపాటే అల్లండి. రంగులు తగ్గించండి, ప్రతి కొత్త రంగుకూ దాచాల్సిన కొసలు పెరుగుతాయి. లావు ఊలు, పెద్ద హుక్కు వాడితే అంతే సైజుకు కుట్లు తగ్గుతాయి. అయినా గిట్టుబాటు కాని బొమ్మను జాబితాలోంచి తీసేయడమే మేలు.

ప్యాటర్న్ లెక్క వేరు. పని ఒక్కసారి, అమ్మకాలు అనేకం. రాయడానికి, నమూనాలు అల్లడానికి 30 గంటలు అంటే 3000, ఊలు 300, మరొకరితో లెక్కలు సరిచూపించడానికి 700, మొత్తం 4000. ఏడాదిలో 80 కాపీలు పోతే ఒక్కోదానికి 50, 40 కాపీలే పోతే 100. నేనైతే 40 కాపీల లెక్కనే నమ్ముతాను. వేదిక ఒక్కో అమ్మకానికి స్థిరంగా 5 కూడా తీసుకుంటే, 105ని 0.85తో భాగించండి, 124 దాకా వస్తుంది. మరీ చవక ప్యాటర్న్‌లలో ఈ స్థిర రుసుమే చాలా భాగం తినేస్తుంది.

కొన్నాక వచ్చే సందేహాలకు జవాబివ్వడమూ కూలి పడే పనే. అందుకే హుక్కు సైజు మిల్లీమీటర్లలో, ఊలు మీటర్లలో, గేజ్ (ఇన్ని సెంటీమీటర్లకు ఎన్ని కుట్లు అనే లెక్క), ఏ దేశపు పదాలు వాడారో మొదటి పేజీలోనే రాయండి. అమెరికా వాళ్లు సింగిల్ క్రోషే అనే కుట్టు బ్రిటన్ వాళ్లకు డబుల్ క్రోషే. అది చెప్పకపోతే బొమ్మ సైజు మారి, డబ్బు వాపసు అడుగుతారు. ఇతరుల ప్యాటర్న్‌లో రంగులు, కొలతలు మార్చి మీదిగా అమ్మకండి. దానితో అల్లిన బొమ్మలు అమ్మే ముందు కూడా అందులోని షరతులు చదవండి.