రెండో ఆదివారం భోజనం, కొరియన్ డ్రామాల ముచ్చట

మీ ప్రశ్న చదివాను. కాలేజీ స్నేహితురాళ్లతో ఏళ్ల తరవాత మళ్లీ కలుస్తున్నారు, హోటల్లో భోజనం పెట్టుకుంటున్నారు. పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు మాట్లాడుకోవడం అయిపోగానే ఎవరి ఫోను వారు తీస్తున్నారు. మీలో ఇద్దరికి కొరియన్, జపాన్ డ్రామాల, అంటే అక్కడి టీవీ సీరియళ్ల పిచ్చి ఉంది, దాన్ని మిగతావారికి కూడా అలవాటు చేయవచ్చా అని అడిగారు. చేయవచ్చు. మా నల్లగొండలో నలుగురం నాలుగేళ్లుగా ఇదే చేస్తున్నాం. నా అనుభవం మీకు పనికొస్తుందేమో చూడండి.

మేము 1993లో డిగ్రీ పూర్తి చేసినవాళ్లం. క్లాసులో ఒకే పేరున్న అమ్మాయిలు ముగ్గురు ఉండడంతో లెక్చరర్లు ఊళ్ల పేర్లతో పిలిచేవారు, అవే మాకు నిలిచిపోయాయి. ఒకరు హాలియా, ఒకరు దేవరకొండ, ఒకరు మిర్యాలగూడ. నేను నకిరేకల్. ఇప్పుడు ఆ ఊళ్లలో ఉన్నది ఇద్దరే అయినా పేర్లు మారలేదు. గడియారం సెంటరుకు దగ్గరలో, మెట్లెక్కి పైకి వెళ్లే ఒక మామూలు హోటల్లో నెలకోసారి, రెండో ఆదివారం కలుస్తాం. శనివారం ఇద్దరు మాంసం ముట్టరు కాబట్టి ఆదివారమే కుదిరింది. ఒంటిగంటకు వెళ్తే జనం కిటకిటలాడుతుంటారు, కుర్చీ వెనక మరొకరు నిలబడి మనం ఎప్పుడు లేస్తామా అని చూస్తుంటారు. రెండున్నర దాటాక వెళ్తే మూల బల్ల దొరుకుతుంది, వడ్డించే అబ్బాయి కూడా తొందరపెట్టడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, మాటలు సాగడం సగం దీనిమీదే ఆధారపడి ఉంటుంది. ప్రతిసారీ కొత్త హోటలు వెతకవద్దని కూడా చెప్తాను. కొత్త చోట మెనూ చూడడం, రుచి బాగుందా లేదా అనడంతోనే పొద్దు గడిచిపోతుంది.

మాకు కూడా మొదటి ఏడాది మీలాగే జరిగింది. ఒక ఆదివారం అన్నం తిని, చేతులు కడుక్కుని, నలుగురం నాలుగు ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నాం. ఇంటికి వచ్చేటప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. హాస్టల్లో మాలో ఎవరైనా ఒక్కరు సినిమాకు వెళ్లొచ్చి, మిగతా ముగ్గురికీ పాటలతో సహా కథ చెప్పేది. రెండున్నర గంటల సినిమాను మూడు గంటలు చెప్పేవాళ్లం. అంత మాట్లాడినవాళ్లం ఇలా అయిపోయామా అనిపించింది.

ఆ సమయంలో హాలియా కూతురు తల్లికి ఒక కొరియన్ డ్రామా పెట్టి ఇచ్చింది. పేరు రిప్లై 1988. 2015 చివర్లో మొదలై 2016 జనవరిలో ముగిసింది, ఇరవై ఎపిసోడ్లు, ఒక్కొక్కటి గంటన్నర చొప్పున చూడాలి. సియోల్ ఒలింపిక్స్ జరిగిన ఏడాది, ఆ నగరంలోని ఒక గల్లీలో పక్కపక్కనే ఉండే ఐదు కుటుంబాల కథ. మొదటి ఎపిసోడ్‌లో సాయంత్రం భోజనాల వేళ ఒక ఇంటి తల్లి కూర గిన్నె ఇచ్చి కొడుకును పక్కింటికి పంపుతుంది. వాళ్లు ఖాళీ చేతులతో పంపరు కదా, ఇంకేదో పెట్టి పంపుతారు. చివరకు పిల్లలంతా గిన్నెలు పట్టుకుని గల్లీలో ఒకరికొకరు ఎదురవుతూ పరుగెడుతుంటారు. ఇది కొరియా అని ఎవరన్నారు? బతుకమ్మ నాడు మా వీధిలో సత్తుపిండి గిన్నెలు తిరిగినట్లే ఉంది.

హాలియా మా ముగ్గురి చేతా ఆ ఒక్క ఎపిసోడ్ చూడమని ఒట్టు వేయించుకుంది. చూశాం. తరవాతి ఆదివారం జరిగింది చెప్తాను, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు అదే.

ఆ డ్రామాలో ముగ్గురు పిల్లల ఇల్లు ఒకటి ఉంది. నడిపి అమ్మాయి పాత్ర పేరు దొక్‌సన్. వేయించిన గుడ్లు రెండే ఉంటే ఒకటి అక్కకు, ఒకటి తమ్ముడికి పడుతుంది. ఆమె పుట్టినరోజు కూడా అక్క పుట్టినరోజుతో కలిపి ఒకే కేకుతో కానిచ్చేస్తారు. ఒకరోజు ఆమె తట్టుకోలేక ఏడ్చేస్తుంది, నాకు కూడా గుడ్డు ఇష్టమే అని అరుస్తుంది. తరవాత తండ్రి చిన్న కేకు కొనుక్కొచ్చి, తాను పుట్టుకతో తండ్రిని కాననీ, తనకూ ఇది మొదటిసారేననీ చెప్పుకుంటాడు.

మేము ఆ సన్నివేశం గురించి మాట్లాడుకుంటున్నాం. హాలియా జొన్నరొట్టె ముక్క తుంచి పచ్చిపులుసులో ముంచి అలాగే పట్టుకుని కూర్చుంది. రొట్టె మెత్తబడి పులుసులోకి జారిపోయింది. అప్పుడు అంది, "మా అమ్మ చనిపోయేదాకా నాకు గుడ్డంటే ఇష్టం లేదనే అనుకుంది" అని. ఆమె కూడా నడిపి పిల్లే. అన్న పొలానికి పోవాలి కాబట్టి ఒకటి, చెల్లె చిన్నది కాబట్టి ఒకటి. మూడో గుడ్డు అంగడికి పోయేది. ఒకనాడు తల్లి అడిగితే, ఆమె మనసు కష్టపెట్టడం ఇష్టం లేక నాకు వాసన పడదు అని చెప్పిందట. ఆ మాట అలాగే ఉండిపోయింది. ముప్పై ఏళ్ల స్నేహంలో మాకు ఆ సంగతి తెలియదు. మిర్యాలగూడ ఏమీ అనలేదు. తన బిర్యానీలోని గుడ్డు తీసి హాలియా పళ్లెంలో పెట్టింది. హాలియా ఏడుస్తూనే తిన్నది. ఆ రోజు ఎవరూ ఫోను తీయలేదు.

అందుకే చెప్తున్నాను, డ్రామాను మెచ్చుకోవడానికో విమర్శించడానికో పెట్టుకోవద్దు. నటన ఎలా ఉంది, హీరో ఎలా ఉన్నాడు అనేవి పది నిమిషాల మాటలు. "ఇలాంటిది మన ఇంట్లో జరిగిందా?" అని ఒక్కరు అడిగితే చాలు.

పేరుకు విదేశీ డ్రామా కానీ, మన చెవికి దగ్గరగా ఉండడానికి కారణాలు ఉన్నాయి. కొరియన్, జపనీస్ రెండింటిలోనూ తెలుగులోలాగే క్రియ వాక్యం చివరకు వస్తుంది. పెద్దవారితో ఒకలా, ఈడువారితో ఒకలా మాట్లాడతారు. కొరియన్ అమ్మాయి అన్నను ఒప్పా అంటుంది, అక్కను ఒన్ని అంటుంది. అబ్బాయి అయితే అన్నను హ్యంగ్ అని, అక్కను నూనా అని పిలుస్తాడు. సొంత అన్నదమ్ములనే కాదు, పరిచయం ఉన్న పెద్దవారందరినీ అలా పిలుస్తారు, మనం అన్నా అక్కా అన్నట్లే. తండ్రిని ఇంట్లో అప్పా అంటారు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లలో చాలాసార్లు ఆ పిలుపు పోయి మనిషి పేరు పడుతుంది. చదివే కన్నుకు తెలియదు కానీ, వినే చెవికి తెలిసిపోతుంది. "అన్నం తిన్నావా" అనేది వాళ్లకు కూడా పలకరింపే. దేవరకొండ ఇంగ్లీషు వేగంగా చదవలేదు, ఆమెకు మొదట్లో కష్టమైంది. ఇప్పుడు కొన్ని తెలుగు అనువాదంతో వస్తున్నాయి, అయినా ఆమె గొంతులు మారితే నచ్చడం లేదని అసలు భాషలోనే, ఆపి ఆపి చూస్తుంది.

మిర్యాలగూడ చూసే చూపు వేరు. వాళ్లది రైసు మిల్లు కుటుంబం. డ్రామాలో ఎవరు ఏడ్చినా, ఎవరు నవ్వినా ఆమె కన్ను గిన్నెలోని అన్నం మీదే ఉంటుంది. "మెతుకు విడివడడం లేదు చూడండే, మన సాంబమసూరి ఇట్లా అంటుకుంటే ఎవరైనా కొంటారా" అంటుంది. ఆ పొట్టి గింజ బియ్యం రకం వేరనీ, దానిలో అమైలోజ్ అనే పిండిపదార్థం తక్కువ కాబట్టి ముద్దగా అవుతుందనీ మాకు చెప్పింది ఆమే. కొరియావాళ్లు గిన్నెను బల్లమీదే ఉంచి అన్నాన్ని చెంచాతో తింటారనీ, జపాన్‌వాళ్లు గిన్నెను చేతిలోకి తీసుకుని పుల్లలతో తింటారనీ కనిపెట్టింది కూడా ఆమే. మేము ఇన్ని చూసి గమనించలేదు. శీతాకాలం ముందు కొరియాలో ఆడవాళ్లంతా చేరి కిమ్చీ అనే క్యాబేజీ పచ్చడి కలిపే దృశ్యం వస్తే, ఎండాకాలంలో మామిడికాయలు కొట్టించుకొచ్చి వాకిట్లో గుడ్డలు పరిచే మా ఇళ్లన్నీ గుర్తొచ్చాయి. అలా కలిసి కిమ్చీ పెట్టే ఆచారాన్ని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఆవకాయ కూడా అంత గొప్పదేనని మిర్యాలగూడ గట్టిగా వాదించింది, నేను ఆమె పక్షమే.

గంటన్నర ఎపిసోడ్లకు తీరిక లేనివారు మీ బృందంలో ఉంటే జపాన్ డ్రామా మిడ్‌నైట్ డైనర్‌తో మొదలుపెట్టండి. ఒక్కో ఎపిసోడ్ అరగంట కూడా ఉండదు, ఏ కథకు ఆ కథే. టోక్యోలో ఒక ఇరుకు సందులో చిన్న హోటలు. రాత్రి పన్నెండుకు తెరిచి ఉదయం ఏడింటికి మూస్తారు. గోడమీద రాసి ఉండే వంటకం ఒకటే, మిగతావి తాగేవి. అయినా వచ్చినవారు ఏది అడిగితే అది, సామాను ఉంటే, ఆ యజమాని చేసి పెడతాడు. ఒక్కో మనిషీ ఒక్కో వంటకం అడుగుతారు, ఆ వంటకం వెనక ఒక కథ ఉంటుంది. యారో అబే రాసిన బొమ్మల కథల ఆధారంగా 2009లో మొదట తీశారు. ఇది చూసిన నెలలో మేము మెనూ పక్కన పెట్టి, "ఇక్కడ దొరకనిది నీకేం తినాలని ఉంది" అని ఒకరినొకరు అడిగాం. నేను మా నాయనమ్మ చేసే సర్వపిండి అన్నాను. గిన్నె లోపలి గోడకు పిండి అద్ది, వేలితో చిల్లులు పెట్టి నూనె పోసేది. అడుగున మాడిన చోట ఉన్న రుచి ఇంకెక్కడా దొరకలేదు. ఆ ఒక్క ప్రశ్నతో ఆ రోజు చీకటి పడింది, బస్సు తప్పిపోయింది.

ఒక హెచ్చరిక. భోజనానికి ముందు చూడకూడనివి కూడా ఉన్నాయి. పారసైట్ గొప్ప కొరియన్ సినిమా, 2020లో నాలుగు ఆస్కార్లు వచ్చాయి, నేనే పట్టుబట్టి పెట్టించాను. దానిలో ఒక పేద కుటుంబం వానలో ఇంటికి తిరిగి వచ్చేసరికి, సగం నేలలోపల ఉన్న వాళ్ల ఇల్లు మురుగునీటితో నిండిపోయి ఉంటుంది. దేవరకొండ అక్కను ఆలంపూర్ వైపు ఇచ్చారు. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద వచ్చినప్పుడు వాళ్ల ఇల్లు మునిగింది. ఆ సినిమా చూసి వచ్చిన ఆదివారం దేవరకొండ అన్నం కెలుకుతూ కూర్చుంది, ఏమీ తినలేదు. నేను ముందే ఆలోచించి ఉండవలసింది. ఇప్పుడు ఎంచుకునేవారు ముందుగా చూసి, దానిలో ఏముందో ఒక్క మాట గ్రూపులో చెప్పాలని పెట్టుకున్నాం.

అదే దేవరకొండ విషయం ఇంకొకటి. ఆమె భర్త పోయినప్పుడు ఆమెకు ముప్పై నాలుగేళ్లు, కొడుకు చిన్నవాడు. రిప్లై 1988లో భర్త పోయిన ఒక తల్లి, భార్య పోయిన ఒక తండ్రి ఉన్నారు. ఇద్దరిదీ ఒకే సొంతూరు, ఒకే గల్లీ. మెల్లగా ఒకరికొకరు తోడవుతారు. ఆ తల్లి కొడుకుకు మొదట మింగుడుపడదు. ఇరవై ఎపిసోడ్లూ పూర్తి చేసి వచ్చిన రోజు దేవరకొండ భోజనమంతా మామూలుగానే చేసింది. చాయ్ వచ్చాక, "ఆ కొడుకు ఒప్పుకున్నాడు చూశారా" అంది. అంతే. మేము ముగ్గురం వెంటనే మాట్లాడలేకపోయాం. తరవాత కొన్ని నెలలకు తానే చెప్పింది, అప్పట్లో ఒక సంబంధం వచ్చిందని, ఇంట్లో ఎవరూ మాట పైకి రానివ్వలేదని. ఇన్నేళ్లలో మేము ఆమెను బాగున్నావా అని అడిగామే గాని, నీకు తోడు కావాలని ఉందా అని ఒక్కరమూ అడగలేదు. అడగాలని మాకు తోచేలా చేసినందుకు నేను ఆ డ్రామాకు రుణపడి ఉన్నాను.

ఇక పద్ధతి అడిగారు కాబట్టి మా ఏర్పాటు చెప్తాను. తలా ఐదువందలు నెల మొదట్లోనే మిర్యాలగూడకు పంపుతాం, బిల్లు ఆమే కడుతుంది, మిగిలింది డబ్బాలో ఉంటుంది. బిల్లు దగ్గర పెనుగులాట ఉండదు. ఎంపిక వంతులవారీగా, నెలకు ఒకటో రెండో ఎపిసోడ్లు లేదా ఒక సినిమా, అంతకుమించి వద్దు. ఇంట్లో ఎవరికి వారు చూసి రావాలి, బల్ల దగ్గర ఫోనులో పెట్టి చూపించకూడదు. చూడలేకపోయినవారు మానేయకుండా రావాలి. వారికి మిగతా ముగ్గురం కథ చెప్తాం, హాస్టల్లో చెప్పినట్లే. నిజానికి అలా చెప్పిన రోజులే నాకు ఎక్కువ ఇష్టం. ఒకరు చెప్తుంటే ఇంకొకరు "కాదే, ముందు ఆ అబ్బాయి వచ్చాడు" అని దిద్దడం, మిర్యాలగూడ మధ్యలో అన్నం సంగతి తేవడం.

మీలో డ్రామాలు ఇష్టమున్న ఇద్దరూ మొదటి రెండు నెలలు కాస్త తగ్గి ఉండండి. మీకు తెలిసిన నటుల పేర్లు, చూసిన డ్రామాల లెక్క బల్లమీద పెడితే మిగతావారు బడిలో ఆలస్యంగా చేరిన పిల్లల్లా అయిపోతారు. ఒక్క ఎపిసోడ్, అందులో ఇంటి విషయం ఉన్నది, ఇచ్చి చూడండి. ఎవరో ఒకరి రొట్టె పులుసులో జారిపోతుంది.

ఈ నెల వంతు దేవరకొండది. ఏది ఎంచుకుందో ఇంకా గ్రూపులో పెట్టలేదు, శుక్రవారం దాకా గడువుంది.